ఆర్విడ్ షెడ్డులో ట్వైలా కంపెనీ

బీకన్ పత్రిక గురువారం పొద్దున్నే వస్తుంది. కెస్లర్ కౌంటీలో జనం ఎనిమిది వందలకు మించరు, ఆవులు మాత్రం లెక్కకు అందవు. ఆవులు తప్ప అందరూ బీకన్ చదువుతారు. చదవడానికో పద్ధతుంది. మొదటి పేజీలో ఉండేవి, అంటే హైస్కూలు బాస్కెట్‌బాల్ ఫలితాలు, ఎక్కడ ఎన్ని అంగుళాల వాన పడింది లాంటివి, అందరికీ ముందే తెలుసు. కాబట్టి నేరుగా చివరి పేజీ తిప్పుతారు. చట్టప్రకారం అచ్చువేయాల్సిన ప్రకటనలన్నీ అక్కడుంటాయి: ఎవరి ఆస్తి పంపకానికొచ్చింది, ఎవరి భూమి వేలానికొచ్చింది, కౌంటీ బోర్డు ఏ కంచె తగువు విన్నది. ఆర్విడ్ థోమ్సెన్ అయితే ఆ పేజీని పెన్సిలు పట్టుకుని మరీ చదువుతాడు. తప్పు కనబడితే చుట్టూ సున్నా గీసి, పత్రిక నడిపే లవోన్ హేగర్ బల్లమీద పడేసి వస్తాడు. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషికి వారానికి అదొక పండగ.

ఈ గురువారం ఆ పేజీలో తన పేరు రాబోతోందని ట్వైలా ష్రామెక్‌కు తెలుసు. ఆర్విడ్‌కు తెలియదు. ఇవాళ సోమవారం. మూడు రోజుల్లో తనే నోరు విప్పి చెప్పాలి. నలభై అడుగుల ఎత్తున ఎదురుగాలిలో రెంచి తిప్పగలిగే ఆడమనిషికి ఈ ఒక్క మాట చెప్పడం చేతకావడం లేదు.

ట్వైలాకు నలభై ఆరేళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఆర్విడ్ దగ్గర గాలిమరలు బాగుచేస్తోంది. ఈ ఇసుక కొండల్లో కరెంటు తీగ పోని మేత భూముల్లో పశువుల తొట్లు నింపేవి ఆ మరలే. గాలి ఊరికే వస్తుంది, మర మాత్రం ఊరికే తిరగదు. ఏడాదికోసారి ఎవరో ఒకరు నిచ్చెనెక్కి పైనున్న చక్రాల పెట్టెలో నూనె మార్చాలి. నీళ్లు సన్నగిల్లితే బావిలోంచి కడ్డీలన్నీ ఒక్కొక్కటే పైకి లాగి, అడుగున అరిగిన తోలు వాషర్లు మార్చాలి. మొదట్లో ట్వైలా బడి వంటగదిలో పనిచేసేది. మొగుడు వదిలేసి పోయిన ఏడాది, ఓ శనివారం ఆర్విడ్ పనివాడు తాగి పడుకుంటే, "ఎత్తంటే భయమా?" అని ఆర్విడ్ అడిగాడు. "మనుషులంటే భయం, ఎత్తంటే కాదు" అంది. అంతే, ఉద్యోగం ఖాయమైంది. కాగితం లేదు, సంతకం లేదు. తర్వాత ఆమె పంపులు అమర్చే లైసెన్సు పరీక్ష రాసి గెలిస్తే, ఆర్విడ్ ఆ సర్టిఫికెట్టును షెడ్డులో గోడకు కొట్టించాడు. ఆ షెడ్డు గోడమీదికెక్కిన కాగితం అదొక్కటే.

నాలుగేళ్ల కిందట ఆర్విడ్ మోకాళ్లు మొరాయించాయి. అప్పట్నుంచి ఎక్కడం ట్వైలా వంతు, షెడ్డులో పొయ్యి పక్కన కూర్చుని పాత చక్రాల పెట్టెలు విప్పి కడిగి బిగించడం ఆర్విడ్ వంతు. ఫోనెత్తడం, చేసినవాణ్ని తిట్టడం కూడా ఆయన వంతే.

మాటే సంతకమని ఈ ప్రాంతం గురించి దూరాన ఉన్నవాళ్లు కళ్లు చెమర్చుకుంటారు. చెమర్చుకోనీ. మాట మీద నడిచే బతుకు అసలు కథ ఇదీ: పన్నెండేళ్ల కిందట ఆర్విడ్ బాగుచేసిన మర చక్రం ఊడి కిందపడి, ఒక రైతు ఆంబోతు చచ్చింది. ఆర్విడ్ మర్నాడే తన ఆంబోతును తోలుకెళ్లి ఆ రైతు కొట్టంలో కట్టేసి వచ్చాడు. ఈనాటికీ కాఫీ హోటల్లో ఆ కథ చెప్పి ఆయన్ని మెచ్చుకుంటారు. ఆ ఏడాది ఆర్విడ్ మందలో దూడలే పుట్టలేదన్నది కథలో చెప్పరు. ట్వైలా ఆ కథ విన్నప్పుడల్లా తన సంగతి లెక్కేసుకుంటుంది. రేపు తను బిగించిన చక్రం ఊడితే తోలుకెళ్లడానికి ఆంబోతు లేదు. ఉన్నది అద్దె స్థలంలో నిలబెట్టిన చక్రాల ఇనప ఇల్లు, ఒక పికప్పు బండి. అవి పోతే ఇక ఏమీ లేదు.

ఫిబ్రవరిలో పచ్చికభూముల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సంఘానికి అరవై ఒక్క గాలిమరలు. ముప్పై ఏళ్లుగా అన్నీ ఆర్విడ్ చేతిమీదే తిరుగుతున్నాయి. ఇక మీదట బీమావాళ్లు ఒప్పుకోరట. రాష్ట్రంలో నమోదైన కంపెనీ, దాని పేరిట బీమా, రెండూ ఉన్నవాళ్లకే పని. ఏప్రిల్ ఆఖరి మంగళవారం జరిగే సభలో తేలుస్తారు. అప్పటికి ఎవరూ రాకపోతే తూర్పువైపు నుంచి ఓ పెద్ద కంపెనీ వచ్చి మరలన్నీ పీకి, సూర్యరశ్మి పలకలతో నడిచే పంపులు పెడుతుంది.

ఆర్విడ్ ఉత్తరం చదివి, రెండు తప్పులకు సున్నాలు చుట్టి, పొయ్యిలో వేశాడు.

"గేలన్ వాళ్ల నాన్న నా చెయ్యి పట్టుకుని అప్పజెప్పిన పని ఇది. ఇప్పుడు ఆ గేలన్ సంఘానికి అధ్యక్షుడై నాకు ఉత్తరాలు రాస్తాడా? వాడి డైపర్లు మార్చడం చూసినవాణ్ని నేను."

"డైపర్లకు బీమా అక్కర్లేదు పెద్దాయనా. మరలకు కావాలట."

"నేను కంపెనీని కాను. నేను ఆర్విడ్‌ని. కావాలంటే పిలుస్తారు, వద్దంటే పోతారు."

పోతే ఆయనకేమీ కాదు. ఇల్లుంది, పింఛనుంది, పెన్సిలుంది. పోయేది ట్వైలా పని. అరవై ఒక్క మరలు పోతే మిగిలేవి పాతిక, వాటితో ఒక మనిషి గడవదు. మళ్లీ బడి వంటగదికే. మార్చి నెలంతా ఆలోచించి, చివరికి ఓ మధ్యాహ్నం ఆమె లవోన్ ఆఫీసుకు వెళ్లింది.

లవోన్, ట్వైలా ఒకే తరగతిలో చదువుకున్నారు. ఈ కౌంటీలో పుట్టిన ప్రతి కంపెనీ ప్రకటన వేసింది లవోనే కాబట్టి వకీలు కన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

"నాకు కంపెనీ కావాలే" అంది ట్వైలా.

"నాకు మొగుడు కావాలి. కంపెనీ దొరకడం సులువు. కూర్చో."

నిజంగానే సులువు. ముందు పేరు. రాష్ట్రంలో ఇంకెవరికీ లేని పేరై ఉండాలి. "శాండ్‌హిల్స్ విండ్‌మిల్" అని వెతికితే ఎవరో ఎప్పుడో తీసుకున్నారు. "నార్త్ లూప్ విండ్‌మిల్" కూడా పోయింది. థోమ్సెన్ పేరు పెడదామని ట్వైలా నోటిదాకా వచ్చి ఆగింది. ఆయన్ని అడగకుండా ఆయన పేరెలా పెట్టడం?

"మరి నీ ఇంటిపేరు పెట్టు" అంది లవోన్.

ట్వైలా నాన్న జీవితమంతా పరాయివాళ్ల పశువులు మేపాడు. ష్రామెక్ అన్న పేరు బీకన్‌లో అచ్చయింది ఒకే ఒక్కసారి, ఆయన పోయినప్పుడు, నాలుగు లైన్లలో. "ష్రామెక్ విండ్‌మిల్ ఎల్‌ఎల్‌సీ" అని లవోన్ కంప్యూటర్లో కొట్టింది. ఖాళీగా ఉంది. ఆ పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. తీసేసుకున్నారు.

ఆ చివరి మూడక్షరాల అర్థం ట్వైలాకు లవోన్ ఒక్క ముక్కలో చెప్పింది: "చక్రం ఊడి ఆంబోతు చస్తే కంపెనీ కట్టుకుంటుంది. నీ ఇల్లు జోలికి రారు. ఆర్విడ్‌కు ఈ మూడక్షరాలుంటే ఆ ఏడాది దూడలు పుట్టేవి. అలాగని చక్రం వదులుగా బిగించమని కాదు."

తర్వాత స్థాపన పత్రం, దాంట్లో అడ్రసు. ట్వైలా తపాలా పెట్టె నంబరు చెప్పింది. లవోన్ తల అడ్డంగా ఊపింది.

"పెట్టె ఒప్పుకోరు. మనిషి దొరికే చోటు కావాలి. వీధి, నంబరు. కంపెనీ మీద కేసు పడితే ఆ కాగితం అందుకోవడానికి అక్కడొక ఏజెంటు ఉండాలి. నువ్వే ఏజెంటుగా ఉండొచ్చు. నీ ఇంటికి నంబరుందా?"

"ఇంటికి చక్రాలున్నాయి. నంబరు లేదు."

"అయితే పగలు ఎక్కడుంటావు?"

"ఉత్తర మూడో వీధి, నూట పద్దెనిమిది."

లవోన్ కొట్టింది. ఇద్దరికీ ఏమీ తట్టలేదు. పంతొమ్మిదేళ్లుగా ట్వైలా కోసం ఊళ్లో ఎవరు వెతుక్కున్నా వెళ్లేది ఆ నంబరుకే. పంపు చెడిన రైతైనా, పార్సిలు తెచ్చేవాడైనా, ఆఖరికి ఆమె అక్క చనిపోయినప్పుడు కబురు చెప్పడానికి వచ్చిన పాస్టరైనా. అది ఆర్విడ్ షెడ్డు అన్న సంగతి ఇద్దరికీ తెలియదని కాదు. తెలిసిన సంగతే అప్పుడు గుర్తుకు రాలేదు.

రెండ్రోజుల్లో రాష్ట్రం నుంచి సర్టిఫికెట్టు వచ్చింది. పన్నుల శాఖ నంబరు కంప్యూటర్లో పావుగంటలో ఇచ్చారు. కంపెనీ ఎలా నడవాలో ఒప్పందం రాసుకోమంటే, ఉన్నది తనొక్కతే కాబట్టి ట్వైలా తనతో తను ఒప్పందం రాసుకుని, రెండు చోట్లా తనే సంతకం పెట్టింది. బీమా ఏజెంటు పక్క ఊరినుంచి వచ్చి పని చూసి, బీమా రాసిచ్చి పోయాడు. మిగిలింది ఏవో కొన్ని రాష్ట్రాలకు మాత్రమే ఉన్న ఓ ముచ్చట: కంపెనీ పుట్టిందని స్థానిక పత్రికలో వరసగా మూడు వారాలు ప్రకటన వేయాలి. వేసినట్టు పత్రికవాళ్లు ప్రమాణం చేసి రాసిచ్చిన పత్రం రాష్ట్రానికి పంపాలి. సంఘం కూడా ఆ పత్రం చూస్తానంది. సభలోపు గురువారాలు సరిగ్గా మూడే మిగిలాయి.

"ప్రకటన వేస్తే ఆర్విడ్ చదువుతాడు" అంది లవోన్.

"ముందే నేను చెప్తా."

సోమవారం చెబుదామని షెడ్డులోకి వెళ్తే ఆర్విడ్ చక్రాల పెట్టె ముందు వంగి బూతులు తిడుతున్నాడు. తన మాట వింటే ఆ బూతులే తనమీదికి మళ్లుతాయనిపించి ఆగింది. మంగళవారం జానెడు మంచు పడింది, దాన్ని ఎత్తిపోయడంతోనే సరిపోయింది. బుధవారం ఆయనే, "ఏంటమ్మాయ్, మూడ్రోజుల్నుంచి నోట్లో కప్ప ఉన్నట్టు చూస్తున్నావ్?" అన్నాడు. "పన్ను నొప్పి" అంది ట్వైలా. అంది కాబట్టి ఆయన తన సొరుగులోంచి లవంగ నూనె తీసి ఇచ్చాడు. ఆ నూనె సీసా పట్టుకుని ఇంటికెళ్లి, తనను తనే తిట్టుకుంది.

గురువారం కాఫీ హోటల్లో మగాళ్లు ఎప్పట్లాగే తోలు గ్లాసులో పాచికలు కుదిపి, బల్లమీద బోర్లించి, ఇవాళ అందరి కాఫీ ఎవరి నెత్తిన పడుతుందో తేలుస్తున్నారు. ఆ వేళ వంట చిల్లీ అనే మాంసం పులుసు, పక్కన సినమన్ రోల్ అనే దాల్చినచెక్క తీపి రొట్టె. ఆర్విడ్ పేపరు చివరి పేజీ తిప్పాడు. ట్వైలా రెండు బల్లల అవతల కూర్చుని రోల్ చీల్చుతూ చూస్తోంది. పెన్సిలు నెమ్మదిగా కిందికి జారుకుంటూ వచ్చి ఓ చోట ఆగింది. చాలాసేపు ఆగింది.

సంఘం అధ్యక్షుడు గేలన్ ప్రాట్ కూడా అప్పుడే చదివినట్టున్నాడు. "ఏం ఆర్విడ్, నీ షెడ్డులో అద్దెకు దిగారటగా! కంపెనీగారు వేళకు పడుకుంటున్నారా?"

బల్లంతా నవ్వింది. అప్పుడు తట్టింది ట్వైలాకు, తను రాసిందేమిటో. చేతిలో రోల్ ముక్క అలాగే ఉండిపోయింది.

ఆర్విడ్ పేపరు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నీ వంతు గేలన్, పాచికలు కుదుపు" అని మాత్రం అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రోడ్డుమీద ఆయన బండి ఎదురొచ్చింది. ఈ కొండల్లో ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తడం ఆనవాయితీ. శత్రువుకైనా ఎత్తుతారు, దారి తప్పిన కొత్తవాడికైనా ఎత్తుతారు. ఆర్విడ్ వేలు లేవలేదు.

మర్నాడు షెడ్డు తాళం మారలేదు. పొయ్యి వెలిగే ఉంది. ఎప్పుడూ ఇద్దరి మధ్యా బల్లమీదుండే కాఫీ డబ్బా మాత్రం అటకమీద ఉంది. ట్వైలా సంజాయిషీకని నోరు తెరిస్తే, ఆర్విడ్ చెయ్యెత్తి ఆపాడు. "ఉత్తరం వైపు మేత భూమిలో ఏడో నంబరు మర నీళ్లు కక్కడం లేదు. కడ్డీ తెగినట్టుంది." పది రోజులపాటు ఆయన మాట్లాడిందల్లా అలాంటివే. మరలు, కడ్డీలు, నంబర్లు. మధ్యాహ్నాలు కళ్లజోడు పెట్టుకుని ఏవో కాగితాలు చదువుతున్నాడు. ఆమె లోపలికి రాగానే తొడ కింద దాచేస్తున్నాడు.

రెండో గురువారం ప్రకటన మళ్లీ వచ్చింది. అదే చోట, కలుపు మొక్కలు పీకించమని కౌంటీ ఇచ్చిన ప్రకటన కింద. శుక్రవారం ట్వైలా లవోన్ దగ్గరికి వెళ్లి కుర్చీలో కూలబడింది.

"అడ్రసు మార్చేయ్."

"మారిస్తే ప్రకటన మళ్లీ మొదట్నుంచి వేయాలే. మూడు వారాలు. సభ దాటిపోతుంది."

"ఆయన షెడ్డులో ఆయనకు ఇష్టం లేకుండా నా కంపెనీ ఎలా ఉంటుంది?"

"నువ్వు ఉన్నావుగా పంతొమ్మిదేళ్లు." లవోన్ కళ్లజోడు పైకి తోసుకుంది. "ఓ సంగతి చెప్పనా? మొన్న ఆర్విడ్ వచ్చాడు. ఏజెంటంటే ఏమిటని అడిగాడు. చట్టం తీసి చదివి వినిపించా. మళ్లీ చదవమన్నాడు. కాపీ తీసి ఇమ్మని పట్టుకుపోయాడు."

"ఎందుకు?"

"నేనేమన్నా గుండెల్లో దూరి చూశానా? కాపీకి చిల్లర కూడా ఇవ్వలేదు."

చట్టం కాపీ పట్టుకుపోయిన మనిషి మంచికి పట్టుకుపోడు. ఆయన ఒక్క మాట రాసి పంపితే చాలు, ఆ అడ్రసు చెల్లదు. ట్వైలా ఆ శని ఆదివారాలు నిచ్చెనలెక్కి గడిపింది. పైన గాలి చెవుల్లో హోరెత్తుతుంటే ఆలోచించడం సులువు. దిగేసరికి ఓ నిర్ణయం కుదిరింది. బీకన్ అచ్చుకు మంగళవారం సాయంత్రం ఐదింటికి వెళ్తుంది. ఆలోగా నేరుగా అడుగుతుంది. ఆయన కాదంటే మూడో ప్రకటన ఆపించేస్తుంది. పని పోతే పోతుంది. ఒకడి షెడ్డులో దొంగలా కాపురం పెట్టే కంపెనీ తనకొద్దు. ఇందులో గొప్ప నీతేమీ లేదు. అలాంటి కంపెనీకి రోజూ పొద్దున వెళ్లి ఆయన మొహం చూడాలి కదా, అది తన వల్ల కాదు.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి షెడ్డులోకి వెళ్లింది. ఆర్విడ్ పొయ్యి పక్కన ఉన్నాడు. ఈసారి కాగితాలు తొడ కింద దాచలేదు.

"పెద్దాయనా, ఒక మాట."

"దాచింది చాలా ఉంది, చెప్పేది ఒక్కటేనా?"

"తప్పయింది. ముందే చెప్పాల్సింది."

"పన్ను తగ్గిందా?"

ట్వైలా తలొంచుకుంది. "పన్ను నొప్పి లేదు."

"తెలుసు. లవంగ నూనె వృథా." ఆర్విడ్ పెన్సిలు చెవిమీంచి తీశాడు. "కంపెనీకి నా పేరు పెట్టలేదు. నన్నడక్కుండా పెట్టకూడదనుకున్నావు. మర్యాదే. మరి నా షెడ్డు? నా పేరుకున్న మర్యాద నా షెడ్డుకు లేదా?"

"పగలు ఎక్కడుంటావని అడిగింది. నూట పద్దెనిమిది అన్నా. అది మీ షెడ్డని అప్పుడు తట్టలేదు. నిజంగా తట్టలేదు. నా అడ్రసు అడిగితే నా నోటికి వచ్చేది ఇదొక్కటే."

ఆర్విడ్ పెన్సిలు మొన వేలితో తడిమి చూసుకున్నాడు.

"మొదటి గురువారం నీ పేరు చూడగానే, అమ్మాయి పోతోంది అనుకున్నా" అన్నాడు. "తర్వాత కింది లైను చదివా."

"మరి పది రోజులు మాట్లాడలేదేం?"

"చదువుతున్నా. చట్టం అంటే మాటలా? ఒక్కో వాక్యం ఈ కొండ దగ్గర మొదలై ఆ కొండ దగ్గర ఆగుతుంది." కాగితం ఆమె ముందుకు తోశాడు. నిండా సున్నాలు. "షెడ్డు సంగతి చిన్న తప్పు. పెద్ద తప్పు ఇదుగో. ఏజెంటు: ట్వైలా ష్రామెక్. పనివేళల్లో ఈ అడ్రసులో దొరికే మనిషి. పనివేళల్లో నువ్వెక్కడుంటావు?"

"మర మీద."

"షెరీఫ్ కేసు కాగితం పట్టుకొచ్చి నీ వెనకాల నిచ్చెనెక్కుతాడా? వాడి పొట్ట చూశావా? రెండో మెట్టు దగ్గరే ఇరుక్కుపోతాడు. వాడు వెనక్కి పోతాడు, నీకు కేసు పడ్డట్టే తెలియదు, కోర్టులో ఎవరూ రాలేదని అవతలివాడు గెలుస్తాడు. మూడక్షరాలు పెట్టుకుని ఏం లాభం?"

ట్వైలాకు నిజంగానే ఇది తట్టలేదు. లవోన్‌కూ తట్టలేదు.

"అయితే ఏం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యడమేంటి?" ఆర్విడ్‌కు కోపం వచ్చింది. "పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా ఈ షెడ్డులో కదలకుండా ఎవడు పడుంటాడు? పిల్లి కూడా మధ్యాహ్నం బయటికి పోతుంది. మోకాళ్లు లేనివాడు ఎక్కడికి పోతాడు?"

అప్పటికి గానీ ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు రాబోయింది, ఆపుకుంది. నవ్వితే ఆయన వెనక్కి తగ్గుతాడు.

"మీరు కాగితాల మీద సంతకం పెట్టరుగా?"

"కంపెనీ కాగితం మీద పెట్టను. నా అడ్రసులో నేనుంటానని నేను సంతకం పెడితే తప్పేంటి? అది నిజమేగా."

"రెండు ప్రకటనలు వచ్చేశాయి, నా పేరుతో."

"మూడోది కూడా అలాగే రానీ. మూడూ ఒక్కలాగే ఉండాలి. అయ్యాక ఏజెంటు మార్పుకు వేరే కాగితముంది, ఒకటే పేజీ. వెనకాల రాసుంది చూడు. లవోన్ నీకు చెప్పలేదా? చదవదు ఆ పిల్ల, అచ్చువేస్తుందంతే." ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. "రెండు షరతులు. ఈ పొయ్యి ఇక్కణ్నుంచి కదలదు. ఉత్తరం ఏదొచ్చినా ముందు నేను విప్పుతా."

"కంపెనీ నాది పెద్దాయనా."

"ఉత్తరం అందుకునేవాణ్ని నేను. చట్టం."

"విప్పండి. జవాబు మాత్రం నేను రాస్తా."

"రాయి. తప్పులు నేను దిద్దుతా."

బయటికొచ్చి బండెక్కాక టైము చూసుకుంది. మూడు కావస్తోంది. లవోన్‌కు ఫోన్ చేసి "ప్రకటన వెయ్యి" అని మాత్రం చెప్పింది. ఎందుకేమిటని లవోన్ అడుగుతుంటే పెట్టేసింది. తిరిగి లోపలికి వెళ్లేసరికి కాఫీ డబ్బా అటక దిగి బల్లమీదుంది. ఆర్విడ్ మాత్రం చక్రాల పెట్టె మీద వంగి, దాన్ని చేసినవాడి తాతను తిడుతున్నాడు.

ఆఖరి మంగళవారం సభ బడి భోజనశాలలో జరిగింది. ట్వైలా ఒకప్పుడు వడ్డించిన బల్లలే. సర్టిఫికెట్టు, బీమా కాగితం, బీకన్‌లో మూడు వారాలు వచ్చిందని లవోన్ ప్రమాణం చేసిచ్చిన పత్రం వరసగా పరిచింది. ఆర్విడ్ ఆఖరి వరసలో గోడకానుకుని కూర్చున్నాడు. గేలన్ కాగితాలు తిరగేసి, "ఏజెంటు ఆర్విడ్ థోమ్సెనా? ఈయన సంతకం పెట్టాడా? ఇది దొంగ సంతకం కాదు కదా?" అన్నాడు.

"నీ డైపర్ల సంగతి కూడా సంతకం పెట్టి రాసివ్వమంటావా?" అని వెనకనుంచి వినబడింది.

గంటన్నర వాదించుకున్నారు. కుర్రకారు సూర్యరశ్మి పంపులు కావాలన్నారు, అందులో న్యాయమూ ఉంది. గాలి ఆడని ఆగస్టులో ట్వైలా తొట్లకు నీళ్లు మోసిన రోజులు లేకపోలేదు, ఆ మాట ఆమే లేచి చెప్పింది. నిజం చెప్పినందుకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆఖరికి దక్షిణం వైపు ఇరవై మరలు తీసేసి కొత్త పంపులు పెట్టాలని, మిగిలిన నలభై ఒకటి రెండేళ్లపాటు ష్రామెక్ విండ్‌మిల్‌కు ఇవ్వాలని తీర్మానమైంది. నలభై ఒకటితో ఒక మనిషి బతకొచ్చు. కొత్త పంపులు అమర్చడానికి కూడా లైసెన్సున్న మనిషి కావాలి, ఆ లైసెన్సు షెడ్డు గోడమీదే ఉంది. ఆ సంగతి గేలన్‌తో తర్వాత మాట్లాడొచ్చని ట్వైలా మనసులో పెట్టుకుంది.

మర్నాడు రోడ్డుమీద ఆర్విడ్ బండి ఎదురొచ్చింది. వేలు లేచింది. ఎప్పుడూ లేచినంతే.

జూన్ మొదటివారంలో ట్వైలా తొమ్మిదో నంబరు మరకు నూనె మార్చి, చేతులు తుడుచుకుంటూ షెడ్డుకొచ్చేసరికి ఆర్విడ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ మోకాళ్లతో లేచి నిలబడ్డాడంటే చిన్న సంగతి కాదు. చేతిలో కవరు.

"మీ కంపెనీకి ఉత్తరమొచ్చింది. ప్రభుత్వ ముద్రలాగా పెద్ద గద్ద బొమ్మ, ఎర్ర అక్షరాలు, ఆఖరి హెచ్చరిక అని."

ట్వైలా చేతులు తుడవడం ఆపేసింది. "ఏం చేశామని?"

"పనిచేసే చోట ఏవో నోటీసు కాగితాలు గోడకు అంటించలేదట. వెంటనే వాళ్ల దగ్గర కొనాలట, లేకపోతే శిక్షట. కొత్త కంపెనీ పుట్టిందని ఎక్కడో చూసి పంపుతారు దొంగ వెధవలు. కిందెక్కడో చీమంత అక్షరాల్లో ఇది ప్రభుత్వం కాదు అని రాసుంది. ఎవడు చదువుతాడనుకున్నారు?"

"మీరు చదువుతారు."

"చదివా. పదకొండు తప్పులు. అన్నిటికీ సున్నాలు చుట్టి, వాళ్లకే తిప్పి పంపుతున్నా. ఏజెంటు ఆర్విడ్ థోమ్సెన్ అని కింద సంతకం కూడా పెట్టా." కవరు నాలికతో తడిపి అంటించి, ఓసారి వెనక్కి తిప్పి చూసుకున్నాడు. "మన అడ్రసు మాత్రం సరిగ్గానే రాశారు."

ట్వైలా అటు తిరిగి కాఫీ పెట్టింది.